మూడుకీ నాలుగుకీ మధ్య వియ్యంకుడు

ఆ ఆదివారం పొద్దున్న లిఫ్టు మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకి కాబోయే వియ్యంకుడు గేటు దగ్గర దిగుతాడు. తను నవ్వుతూ ఎదురెళ్ళి, ఆయన భాషలోనే పలకరించి, లిఫ్టు ఎక్కించి, ఐదో అంతస్తులో ఉన్న ఇంటికి తీసుకొస్తాడు. ఐదు అంతస్తులు ఎక్కేలోపు నాలుగు వాక్యాలు మాట్లాడతాడు. ఐదో వాక్యం రాదు కాబట్టి ఆ పాటికి ఇల్లొచ్చెయ్యాలి.

సూటు వేసుకుని, భుజాన పనిముట్ల సంచీ తగిలించుకుని బయల్దేరబోతుంటే భార్య గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏమండీ, ఆ సంచీ ఎక్కడికి?"

"అది లేకపోతే ఒంటికి ఏదో తక్కువైనట్టుంటుందే."

"సూటు మీద సంచీ ఏమిటి? వియ్యంకుడికి మరలు బిగించడానికి వెళ్తున్నారా? ఇటివ్వండి. జేబులో ఆ స్క్రూడ్రైవరు కూడా. ఆ ఉబ్బెత్తుగా ఉన్నదేమిటి, ఫోనా? అదీ ఇవ్వండి. కోటు చెడిపోతుంది."

ఇరవై ఆరేళ్ళుగా స్క్రూడ్రైవరు లేకుండా గడప దాటని మనిషి ఆ రోజు ఖాళీ చేతులతో దిగాడు.

అసలు ఈ భాష గొడవ ఎలా మొదలైందో చెప్పుకోవాలి. మేస్త్రికి ఒక్కతే కూతురు. కళ్ళద్దాలు తయారుచేసే కంపెనీలో పని. అక్కడే పనిచేసే చెక్ దేశం కుర్రాడొకడు, పొడుగాటి మనిషి, నెమ్మదస్థుడు, ఆ అమ్మాయికి నచ్చాడు. అమ్మాయి చకచకా ఆ భాష నేర్చేసుకుంది. ఒకసారి ఆ కుర్రాడు ఇంటికొచ్చి, మేస్త్రి వైపే చూస్తూ ఫోనులో ఎవరితోనో "మామ్, మామ్" అన్నాడు. మేస్త్రి కరిగి నీరైపోయాడు. పెళ్ళి మాటే ఇంకా అనుకోలేదు, అప్పుడే మామా అని పిలుస్తున్నాడు! వారం రోజులు వీధి వీధంతా చెప్పుకున్నాడు. తరవాత కూతురు నెమ్మదిగా చెప్పింది. "నాన్నా, వాళ్ళ భాషలో మామ్ అంటే 'నా దగ్గరుంది' అని. రొట్టె ఉందా అని వాళ్ళ నాన్న అడిగాడట. ఉంది, ఉంది అన్నాడు."

ఆ రాత్రి మేస్త్రికి అన్నం సయించలేదు. రొట్టె గురించి కాదు. కూతురూ ఆ కుర్రాడూ బల్ల దగ్గర కూర్చుని ఏదో అనుకుని పకపకా నవ్వుతారు. రేపు పిల్లలు పుడితే వాళ్ళూ అలాగే నవ్వుతారు. తను మాత్రం తన ఇంట్లో తనే చుట్టం చూపుగా వచ్చినవాడిలా "ఏంటంట? ఏమన్నాడంట?" అని అడుక్కుంటూ తిరగాలి. తెల్లారేసరికి నిర్ణయించుకున్నాడు, చెక్ నేర్చుకుంటానని.

ఈ మాట వినగానే అక్కయ్య నవ్వింది. మేస్త్రి అక్కయ్య ఆ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ నోరు విప్పితే వీధిలో బళ్ళు హారన్ మానేసి పక్కకి తప్పుకుంటాయి.

"చెక్ భాషా! ఒరేయ్, చెక్కు మీద సంతకమే రెండుసార్లు ఒక్కలా పెట్టలేవు, నీకు భాషొకటా?"

మేస్త్రి లెక్కచెయ్యలేదు. కూతురు పాఠం మొదలుపెట్టింది. "ఈ భాషలో ఏడు విభక్తులు నాన్నా." మేస్త్రి మొహం పాలిపోయింది. "విభక్తుల దగ్గరే కదమ్మా నేను బడి మానేసింది. ఇన్నేళ్ళకి నన్ను వెతుక్కుంటూ వచ్చాయా!" మాటల్లో ఆడా మగా ఉందట. కుర్చీ ఆడది, బల్ల మగది. అది విని భార్య, "రెంటినీ ఒకే గదిలో ఉంచాం, ఫరవాలేదా?" అనడిగింది. వేలుని 'ప్ర్స్ట్' అంటారు, మెడని 'క్ర్క్' అంటారు. ఒక్క అచ్చు కూడా ఉండదు. "మాటలు కొనుక్కున్నప్పుడు అచ్చులు విడిగా కొనాలేమో" అంది అక్కయ్య. ర, జ కలిపి ఒకేసారి పలికే అక్షరం ఒకటుంది. దాన్ని మేస్త్రి స్నానాల గదిలో సాధన చేస్తుంటే, ఇనుప గొట్టం అరగదీస్తున్నాడనుకుని కింది అంతస్తువాళ్ళు రెండుసార్లు తలుపు కొట్టారు.

అన్నిటికంటే చిక్కు లిఫ్టు మాటలతోనే వచ్చింది. 'నహొరు' ఒకటి, 'దొలూ' ఒకటి. ఒకటి పైకి, ఒకటి కిందికి. రెండూ ఒకే రోజు నేర్చుకోవడంతో ఏది ఎటో ఎప్పటికీ తేలలేదు. ఇరవై ఆరేళ్ళ అనుభవం ఉన్న లిఫ్టు మేస్త్రికి పైకీ కిందికీ తేడా తెలియకపోవడం బయటికి చెప్పుకునే సంగతి కాదు కాబట్టి కూతుర్ని మళ్ళీ అడగలేదు.

సరే, పదకొండయింది. గేటు ముందు కారాగింది. కూతురూ కాబోయే అల్లుడూ పెద్దాయన్ని దింపి, కేకు మర్చిపోయామని ఇంటికి ఫోను చేసి, అదే కారులో దుకాణానికి వెళ్ళారు. మేస్త్రి గేటుకి చేరేసరికి అక్కడ తలుపంత వెడల్పున్న మనిషి పూలగుత్తి పట్టుకుని నిలబడున్నాడు. ఆయనది రొట్టెల బట్టీ. భార్య పోయాక కొడుకుని తనే పెంచాడు. కానీ ఇదంతా మేస్త్రికి తరవాత తెలిసింది.

"దోబ్రీ దెన్!" అన్నాడు మేస్త్రి.

"దోబ్రీ దెన్!" అంటూ ఆయన మొహం విప్పార్చాడు. అక్కణ్ణించి బస్తా చిరిగి గింజలు జారినట్టు మాటలు జారిపోయాయి. మేస్త్రికి అందులో ఒక్క గింజా దొరకలేదు. తలూపి లిఫ్టు ఎక్కించాడు.

అది పాతకాలపు జల్లెడ తలుపుల లిఫ్టు. ముందు రోజే మేస్త్రి దానికి నూనె పెట్టి, బొత్తాలు తళతళలాడేలా తుడిచాడు. మూడో అంతస్తు దాటుతుండగా గొప్పగా గుండె మీద చెయ్యేసుకుని, "మూయ్ వీతహ్!" అన్నాడు. నా లిఫ్టు అని. అంతటితో ఊరుకుంటే బాగుండేది. గుర్రం వీపు చరిచినట్టు లిఫ్టు గోడని ఫెడీమని చరిచాడు.

లిఫ్టు ఉలిక్కిపడి ఆగింది. నాలుగో అంతస్తు గడప మోకాలి ఎత్తున కనిపిస్తోంది. తలుపు గొళ్ళెం మాత్రం పైన, చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉంది. స్క్రూడ్రైవరు భార్య దగ్గరుంది. ఫోనూ భార్య దగ్గరే ఉంది.

మేస్త్రి చిరునవ్వు నవ్వాడు. పెద్దాయనా నవ్వాడు. నవ్వులయ్యాక చెయ్యడానికేమీ మిగల్లేదు. మాట్లాడాలి కదా అని మేస్త్రి రెండో వాక్యం బయటికి తీశాడు. మీరు నాన్నగారా అని అడగడం. వాళ్ళ భాషలో నాన్నని తాత అంటారు. "వి ఇస్తె తాత?" అని గట్టిగా అడిగాడు.

"నో!" అన్నాడాయన ఆనందంగా. "నో, నో!"

మేస్త్రి ఒకడుగు వెనక్కి వేశాడు. నాన్న కాదట! మరి ఈయనెవరు? దూరపు చుట్టమో, కూడా వచ్చిన డ్రైవరో అయ్యుంటాడు. అంటే అసలు వియ్యంకుణ్ణి గేటు దగ్గర ఒంటరిగా వదిలేసి ఈ శాల్తీని పట్టుకొచ్చాడన్నమాట. కొంప మునిగింది! జల్లెడ తలుపుకి నోరానించి పైకి అరిచాడు.

"ఏమేవ్! అక్కా! ఈయన కాదు! అబ్బాయి నాన్న కిందే ఉండిపోయాడు! పరిగెత్తండి, పరిగెత్తండి!"

పైన గుమ్మంలో నిలబడ్డ అక్కయ్య చెవిలో 'ఇస్తె తాత' అన్నది అంతకుముందే పడింది.

"విన్నావా మరదలా? లోపలున్నది తాతగారట. ఏదో ఇస్తాడట కూడా. నాన్నేమో కింద నిలబడున్నాడట. పద, పద. పరువు పోతుంది."

"మరి లిఫ్టు ఆగిపోయిందిగా వదినా?"

"లోపల మీ ఆయనే ఉన్నాడుగా. డాక్టరు మంచం పడితే మందు ఎవరు చెప్తారని అడిగినట్టుంది నీ వరస. పద!"

ఇద్దరూ మెట్లమీంచి పరిగెత్తారు. గేటు దగ్గర ఎవరూ లేరు. కానీ ఆ మేడలో కింద పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి ఉంది. దాని బయట బెంచీ మీద ఒక పెద్దమనిషి కూర్చునున్నాడు. ఆయన బడిలో డ్రిల్లు మాస్టారు. అప్పుడే దవడ పన్ను పీకించుకుని, నోటికి రెండువైపులా దూది కుక్కించుకుని, ఎర్రబడ్డ మొహంతో కొడుకు బండి తెస్తాడని ఎదురుచూస్తున్నాడు. మామూలుగా ఆయన గొంతెత్తితే రెండొందలమంది పిల్లలు ఒక్కసారిగా కుడివైపు తిరుగుతారు. ఆ పూట మాత్రం గంటసేపు మాట్లాడొద్దని డాక్టరు ఆజ్ఞ.

అక్కయ్య చేతులు కట్టుకుని అడిగింది. "మీరు అబ్బాయి నాన్నగారేనా అండీ?"

ఆయనకి కొడుకున్న మాట నిజమే. తలూపాడు.

"మీ అబ్బాయీ మా అమ్మాయీ కలిసి కేకు తేవడానికి వెళ్ళారండీ. వచ్చేస్తారు. మీరు పైకి రండి, పెళ్ళి సంగతులు కూర్చుని మాట్లాడుకుందాం."

డ్రిల్లు మాస్టారి కళ్ళు పెద్దవయ్యాయి. "క్ర్ర్క్?" అన్నాడు దూదిలోంచి. "ప్ర్స్ట్? ప్ర్క్ట్?"

"వదినా!" అంది మేస్త్రి భార్య పొంగిపోతూ. "అదే భాష! ఒక్క అచ్చు లేదు!"

చెరో రెక్కా పట్టుకుని ఐదంతస్తులూ నడిపించారు. హాల్లో మంచి కుర్చీలో కూర్చోబెట్టారు. వేడి వేడి టీ చేతికిచ్చారు. మాస్టారికి బుర్ర తిరిగిపోతోంది. బండి తెస్తానని వెళ్ళిన కొడుకు పెళ్ళి కుదుర్చుకున్నాడా? తండ్రి నోట్లో దూది ఉన్న గంట చూసుకుని మరీ? ఆ కంగారులో టీ ఒక గుక్క మింగాడు. వేడి సరిగ్గా పన్నున్న చోట తగిలింది. రెండు కళ్ళలోంచీ బొటబొటా నీళ్ళు కారాయి.

"చూశావా మరదలా, ఎంత ఆపేక్షో!" అని అక్కయ్య కొంగుతో తన కళ్ళు కూడా ఒత్తుకుంది.

ఇక్కడ ఇలా ఉండగా, లిఫ్టులో మేస్త్రి నిశ్చింతగా ఉన్నాడు. వియ్యంకుడు కాదని తేలాక భయం దేనికి? టై వదులు చేసుకున్నాడు. భాష కూడా వదిలేసి సొంత మాటలోకి దిగాడు.

"మీరెవరో గానీ బాబూ, మంచివాళ్ళలా ఉన్నారు. మీతో చెప్పుకుంటే తప్పులేదు. ఆ వచ్చేవాడెలాంటివాడో అని మూడు వారాలుగా నాకు నిద్ర లేదు. నా భార్య నాలుగు రోజుల్నించి కిటికీలు కడుగుతోంది. నేనేమో ర-జ, ర-జ అంటూ అద్దం మీద ఉమ్ముతున్నాను. ఎందుకంటారా? ఒక్కతే పిల్లండీ. నాకు అర్థం కాని భాషలో అది సుఖంగా ఉంటే, సుఖంగా ఉందని నాకెలా తెలుస్తుంది చెప్పండి?"

పెద్దాయన తల పక్కకి వాల్చి శ్రద్ధగా వింటూ, మధ్య మధ్య "నో" అంటున్నాడు. ఈ మనిషికి ప్రతిదీ కాదే అనుకున్నాడు మేస్త్రి. అయినా వినేవాడు దొరికాడు కదా అని పావుగంట చెప్పాడు. చెప్పడం అయ్యాక పని గుర్తొచ్చింది.

గొళ్ళెం అందాలంటే ఎక్కడానికి ఏదన్నా కావాలి. లిఫ్టులో ఉన్నది ఆ పెద్దాయనే. "ప్రొసీమ్" అన్నాడు మేస్త్రి, దయచేసి అని, వంగమన్నట్టు సైగ చేసి. ఆయన వంగాడు. గొళ్ళేన్ని లాగడానికి తీగ ముక్క కావాలి. పూలగుత్తికి చుట్టిన తీగ కనిపించింది. "ప్రొసీమ్" అని అదీ లాక్కుని ఊడదీశాడు. పూలు నేల మీద పడ్డాయి. బూట్లతో ఆయన వీపెక్కాడు.

"దొలూ!" అన్నాడాయన కిందనుంచి. "దొలూ, దొలూ!"

ఆ మాట మేస్త్రి చప్పున పట్టేశాడు. పైకో, కిందికో, ఏదో ఒకటి. ఎక్కించుకున్నవాడు దిగమని ఎందుకంటాడు, పైకే అయ్యుంటుంది అని తీర్పు చెప్పుకున్నాడు. ఎంత సహృదయుడో అనుకుంటూ వీపు మీంచి భుజాల మీదకి ఎక్కాడు.

"దొలూ!!" అని లిఫ్టు దద్దరిల్లేలా అరిచాడాయన.

తాతగారి క్షేమం కనుక్కుందామని మెట్ల దగ్గరికొచ్చిన అక్కయ్యకి ఆ కేక వినపడింది. లోపలికి పరిగెత్తుకెళ్ళింది.

"మరదలా, తాతగారు డోలు కావాలంటున్నారు! పెళ్ళికి డోలు వాయించాలట! అంటే వాళ్ళింట్లో పెద్దవాడు కూడా ఒప్పుకున్నట్టే!" అని, అదే ఊపులో మాస్టారి ముందు నిలబడి గాల్లో రెండు చేతులతో డోలు వాయించి చూపించి, "ఇష్టమేనా?" అని అడిగింది. మాస్టారు కుర్చీలో ఇంకొంచెం వెనక్కి జరిగాడు.

సరిగ్గా ఆ సమయంలో కూతురూ కాబోయే అల్లుడూ కేకు పెట్టె పట్టుకుని మెట్లెక్కుతూ నాలుగో అంతస్తుకి వచ్చారు. టక్కుమని గొళ్ళెం ఊడింది. జల్లెడ తలుపు జరిగింది. లోపల, చిందరవందరగా పడ్డ పూల మధ్య, పెద్దాయన భుజాల మీద రెండు బూట్లూ ఆనించి, నోట్లో తీగ ముక్క పట్టుకుని మేస్త్రి నిలబడి ఉన్నాడు.

"తాతో!" అని కేక పెట్టాడు కుర్రాడు.

మూడు వారాల్లో మేస్త్రికి ఒంటబట్టిన విభక్తి ఒక్కటే, పిలిచే విభక్తి. ఆ భాషలో నాన్న గురించి చెప్పేటప్పుడు తాత, నాన్నని పిలిచేటప్పుడు తాతో. కుర్రాడు ఓ అన్నాడు. అంటే పిలుస్తున్నాడు. లిఫ్టులో ఉన్నది ఇద్దరే. తనని పిలిచే అవకాశం లేదు. మేస్త్రి మెల్లగా కిందికి, తన బూట్ల కిందికి చూశాడు. జీవితంలో మొదటిసారి వ్యాకరణం పూర్తిగా అర్థమైంది.

"అమ్మలూ," అన్నాడు పైనుంచే, ఏడుపు గొంతుతో. "నాన్నేనా అని అడిగానే! నో అన్నాడే!"

"అయ్యో నాన్నా, మామూలు మాటల్లో వాళ్ళు 'నో' అంటే 'ఆ, అవును' అని!"

"పుస్తకంలో లేదే!"

"ముందు దిగండి నాన్నా!"

"ఇందాకణ్ణించీ ఈయన అంటున్నదీ అదేనేమో" అని గొణుక్కుంటూ మేస్త్రి దిగాడు. తన సూటు ఒక్క మడత నలగలేదు. వియ్యంకుడి సూటు మీద మాత్రం రెండు బూట్లూ అచ్చుగుద్దినట్టు పడ్డాయి. ఆయన వంగి, నలిగిన పూలు ఒక్కొక్కటే ఏరుకుని, మెట్ల వైపు నడిచాడు. అయిపోయింది అనుకున్నాడు మేస్త్రి, సంబంధం తన కాళ్ళతో తనే తొక్కేశాడు.

ఐదో అంతస్తుకి చేరేసరికి ఇంట్లో ఇంకో కథ ముదిరింది. గంట గడిచింది. డ్రిల్లు మాస్టారు దూది ఉమ్మేసి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీరు మర్యాదస్థులు. కానీ మావాడు నాతో ఒక్క ముక్క చెప్పలేదమ్మా! మీ అమ్మాయి మొహం కూడా నేను చూడలేదు!"

అక్కయ్య గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇలా రా! ఈయన్ని చూసి నేర్చుకో! వచ్చి గంట కాలేదు, మన మాట ఎంత ముచ్చటగా మాట్లాడుతున్నాడో! ఒక్క తప్పు లేదు!"

గుమ్మంలో నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. మాస్టారెవరో తేలడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, కొంచెం నిష్ఠూరంగా, "అయితే మావాడికి కాదన్నమాట" అన్నాడు. కింద బండి మీద కూర్చున్న కొడుకుని మాత్రం అనుమానంతోనే దారిపొడుగునా నిలదీశాడట.

ఇక మిగిలింది వియ్యంకుడు. ఆయన ఖాళీ అయిన కుర్చీలో కూర్చున్నాడు. కొడుకుతో చాలాసేపు నెమ్మదిగా ఏదో చెప్పాడు. కొడుకు తల వంచుకుని విన్నాడు. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏంటంటమ్మా?" అన్నాడు మేస్త్రి. మూడు వారాల కష్టం తరవాత కూడా మళ్ళీ అదే మాట అడగాల్సి వచ్చింది. "ఏమన్నాడంట?"

"ఈ సంబంధం వద్దని చెప్పడానికే వచ్చాడట నాన్నా." అంది కూతురు. "ఉన్నది ఒక్కడే కొడుకు. వాడు తనకి రాని భాష మాట్లాడేవాళ్ళ మధ్యకి వెళ్ళిపోతే, ఆ ఇంట్లో తను ఒక మూల మూగవాడిలా కూర్చోవాలని భయమట. వద్దని ఎలా చెప్పాలా అని దారంతా మాటలు వెతుక్కుంటూ వచ్చాడట."

మేస్త్రి భార్య కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది.

"మరి ఇప్పుడు?" అన్నాడు మేస్త్రి.

"ముప్పై ఏళ్ళుగా పిండి బస్తాలు ఈ భుజం మీదే మోశాను, ఒక్క బస్తా కూడా నాతో అంతసేపు కబుర్లు చెప్పలేదు అంటున్నాడు. మీరు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదట. కానీ ఆయన భార్య పోయాక ఇంతసేపు ఆయన వైపు చూసి ఎవరూ మాట్లాడలేదట. కొడుకుతో ఫోనులో కూడా రొట్టె ఉందా, ఉంది, అంతే. పెళ్ళికి ఆయనకి ఇష్టమే నాన్నా."

మేస్త్రి వెళ్ళి వియ్యంకుడి భుజాల మీద మట్టి తన చేత్తో దులిపాడు. ఎంత దులిపినా ఎడమ బూటు పోలేదు. వియ్యంకుడు ఆ చేతిని పట్టుకుని, మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, నలిగిన పూలు ఒళ్ళో పెట్టాడు. తరవాత కేకు పెట్టె తెరిచి ఒక ముక్క నోట్లో వేసుకుని, బట్టీ నడిపే మనిషి కాబట్టి, మొహం చిట్లించాడు. ఆ ఒక్క మాటా ఎవరూ చెప్పకుండానే అందరికీ అర్థమైంది.

మర్నాటి నుంచే వియ్యంకుడు వీళ్ళ మాట నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నేర్పే బాధ్యత అక్కయ్య తీసుకోవడం వల్ల, నెల తిరిగేసరికి ఆయనకి ఒక్క తిట్టు కూడా రాకుండా మిగల్లేదు.